నాలుగు పలకలు, ఎనిమిది పెన్సిల్ ముక్కలు

ఆదివారం. తెల్లవారుజామున అయిదింటికే డాబా ఎక్కాను. మా ఆవిడ వాకింగ్ మొదలెట్టాననుకుని సంతోషించింది, పాపం. పోయిన ఆదివారం పదకొండింటికి, రాజమండ్రి ఎండలో, నాలుగు పలకల్ని అంచుకు అంచు జిగురుతో అతికి బల్ల చేసే ఇదే పని పెట్టుకుని చెడ్డాను. నాలుగో పలక అంచుకు ఫెవికాల్ రాసేసరికి మొదటిదాని మీద మీగడ కట్టేసింది. నీడపట్టున పది నిమిషాలైనా ఆగే జిగురు అక్కడ అందులో సగం కూడా ఆగలేదు. ఆ కంగారులో నాలుగు బార్ క్లాంపులూ (పొడుగాటి ఇనుప కడ్డీకి రెండు దవడలుండి, మర తిప్పితే పలకల్ని మధ్యన పట్టి బిగించేవి) కిందివైపే వేసి, ఉన్న బలమంతా పెట్టి తిప్పాను. సాయంత్రం విప్పి చూస్తే బోర్లించిన పళ్లెంలా నడుమ పైకి లేచి ఉంది.

పలకలు మా తాతగారింటి తలుపువి. టేకు. పాప చదువుకునే బల్లకని దాచాను. వంగిపోయిన దాన్ని అతుకుల వెంబడి కోసి, అంచులు మళ్లీ చిత్రిక పట్టేసరికి వెడల్పులో ఇంచుమించు అంగుళం పోయింది. ఆ అంగుళం ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

మంగళవారం చిత్రిక చప్పుడు విని పక్కింటి బాబాయ్ వచ్చాడు. నలభయ్యేళ్లు వడ్రంగం చేసిన మనిషి. ఒక కన్ను మూసి పలక వంక చూసి, "పట్టుకోరా అంటే పీక పిసికావేంట్రా అబ్బాయ్" అన్నాడు. ఇంకో నాలుగు క్లాంపులు కొందామనుకుంటున్నా బాబాయ్ అంటే నవ్వాడు. వాళ్లు మోకు చుట్టి, మధ్యలో కర్ర దూర్చి మెలిపెట్టేవారట. లేదంటే పలకలకు అటూ ఇటూ దిమ్మలు కొట్టి, వాలుగా కోసిన ముక్కలు రెండేసి ఎదురెదురుగా దూర్చి సుత్తితో తట్టడమే. "చేత్తో నొక్కితే మూసుకోని అతుకుని మర మూస్తుందా? మూసినా పగబట్టి ఉంటుంది."

అప్పుడు కూర్చుని ఆలోచిస్తే తెలిసింది. క్లాంపు బిగించేకొద్దీ దాని కడ్డీయే కాస్త వంగుతుంది, దవడలు పైన విచ్చుకుంటాయి. దాంతో ఒత్తిడి పలక మందానికి నడిమిన పడాల్సింది కింది అంచున పడుతుంది. కిందివైపు నొక్కుకుపోతే నడుమ లేవక ఏం చేస్తుంది?

అందుకని పాప పెన్సిళ్లు నాలుగు అడిగి తీసుకుని (కొత్త డబ్బా కొనిస్తానన్న షరతు మీద) రెండంగుళాల ముక్కలు ఎనిమిది కోశాను. ముప్పాతిక అంగుళం పలక అంచున, సరిగ్గా మందం మధ్యలోకి వచ్చేలా, ప్రతి దవడకూ ఒకటి టేపుతో అంటించాను. ఇక దవడ ఎటు వాలినా ఒత్తిడి ఆ పెన్సిల్ గీత మీదే. క్లాంపులు ఈసారి రెండు కింద, రెండు పైన, మార్చి మార్చి. డాబా గచ్చును నమ్మకుండా రెండు దూలం ముక్కలు పరిచి, రసమట్టం పెట్టి, ఒకదాని కింద అట్టముక్కలు దూర్చాను. పలకలు ఎగుడుదిగుడు కాకుండా అడ్డంగా పైనా కిందా బిగించే పట్టీలకు బ్రౌన్ టేపు చుట్టాను. దానికి జిగురు అంటదు. క్లాంపు కడ్డీలకు కూడా చుట్టాను. తడి జిగురులో ఇనుము తగిలితే టేకు మీద నల్ల మరకలు పడతాయి.

జిగురు లేకుండా ఉత్తుత్తిగా మూడుసార్లు బిగించి చూశాను. మొదటిసారి ఎనిమిది నిమిషాలు, మూడోసారికి నాలుగున్నర. తర్వాత టేకు నూనె పోవడానికి అంచులు థిన్నరుతో తుడిచి, ఆరాక జిగురు రాసి, నడిమి క్లాంపులు ముందు, చివరివి తర్వాత. అతుకు పొడుగునా ఆవగింజలంత బొట్లు వరసగా పొంగాయి. అక్కడే చెయ్యి ఆపాను. ఆపడం చాలా కష్టమైంది. ఇంకో అరచుట్టు తిప్పమని వేళ్లు తీట పెడుతూనే ఉన్నాయి.

గంట తర్వాత, జిగురు రబ్బరులా ఉన్నప్పుడు, పాత ఉలితో గీకేశాను. తడిగుడ్డతో తుడిస్తే చెక్క రంధ్రాల్లోకి పోయి పాలిష్ పట్టదు.

సాయంత్రం అయిదింటికి విప్పాం. బాబాయ్ స్కేలు అడ్డంగా పెట్టి వెలుతురుకెత్తి చూశాడు. ఒక కొస దగ్గర వెంట్రుకవాసి సందు ఉంది, అంతే. "ఆ కొస ఎలాగూ కోసేదేగా" అని టీ అడిగాడు.

చిత్రిక మాత్రం రేపు సాయంత్రం దాకా లేదు. జిగురు తడికి అతుకు దగ్గర చెక్క ఉబ్బి ఉంటుంది, ఇప్పుడే గీకితే ఆరాక అక్కడ గాడి దిగుతుంది. అప్పటిదాకా బల్ల డాబా మీదే ఉంటుందంటే మా ఆవిడ బట్టల తీగ వంక చూసింది.