హేతువు అడిగిన బావకు

మీ నిరీక్షణకు హేతువు, అంటే కారణం, అడిగే ప్రతివాడికీ జవాబు చెప్పమనే బైబిలు వచనం మొదటి పేతురు 3:15ని ఈమధ్య యూత్ మీటింగుల్లో తెగ వాడుతున్నారు. "సమాధానము చెప్పుటకు ఎల్లప్పుడు సిద్ధముగా ఉండి" అని బ్యానర్ కూడా వేయించారు. దాని ముందున్న "సాత్వికముతోను భయముతోను" మాత్రం బ్యానర్‌లో పట్టలేదు కాబోలు. ఫోన్లో డిబేట్లు చూడటం, టీ కొట్టు దగ్గర ఎవరి నోరో మూయించి రావడం, ఆదివారం దాన్నే సాక్ష్యంగా చెప్పడం. చప్పట్లు కొడుతున్నది మనమే.

నేనెప్పుడూ ఈ వచనంలో "సమాధానము" దగ్గరే ఆగిపోతాను. గ్రీకులో అక్కడున్నది అపోలోగియా. న్యాయాధిపతి ముందు నిలబడి చెప్పుకునే జవాబు. శాంతికి వేరే మాట ఉంది, ఐరేనే. మన తెలుగు బైబిల్లో రెంటికీ సమాధానమే. యెరూషలేములో తనను కొట్టిన జనానికి పౌలు చెప్పుకున్నదీ సమాధానమే, తలుపులు మూసుకుని వణుకుతున్న శిష్యులకు ప్రభువు ఇచ్చిందీ సమాధానమే. పండితులు నవ్వుకుంటే నవ్వుకోనీండి, ఇది తెలుగువాళ్లకు దక్కిన వరం అంటాను నేను. జవాబు చెప్పాక ఇద్దరి మధ్యా సమాధానం మిగలకపోతే, చెప్పింది సగమే.

ఈ మాట నేర్పింది మా బావ. పార్టీ మనిషి, గుడికీ రాడు, చర్చికీ రాడు. ఓసారి నరసాపురం నుంచి సఖినేటిపల్లికి గోదావరి దాటించే పంటు మీద వెళ్తున్నాం. బైకుల మధ్య ఇరుక్కుని నిలబడి, వేరుశనక్కాయలు ఒలుస్తూ అడిగాడు.

"ఏరా, యేసు సమాధి దగ్గర ఒక దూతా, ఇద్దరా? మత్తయి ఒకడంటాడు, లూకా ఇద్దరంటాడు."

నాకు తెలియదు. తెలియదనడానికి నోరు రాలేదు. గొంతు పెంచి నాస్తికుల గతి ఏమవుతుందో మొదలుపెట్టాను. చుట్టూ జనం చూస్తున్నారు. బావ తొక్కలు గోదాట్లోకి దులిపి, "సర్లే, రేవొచ్చింది" అన్నాడు. మూడు నెలలు మాట్లాడలేదు. అక్క ఫోన్ చేసి, "ఏమన్నావురా ఆయన్ని?" అంది.

అప్పుడు కూర్చుని చదివాను. ఒకడు మాట్లాడాడని రాసినవాడు రెండోవాడు లేడని రాయలేదు. సాక్షులు నలుగురూ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా చెబితే మన వకీళ్లే అనుమానిస్తారు. సమాధి ఖాళీ అన్న దగ్గర సువార్తలు రాసిన నలుగురిదీ ఒకటే మాట. మొదట చూసింది ఆడవాళ్లని రాశారు, ఆడవాళ్ల సాక్ష్యానికి విలువివ్వని రోజుల్లో. కల్పించేవాడు అలా రాయడు. క్రీ.శ. 55 ప్రాంతంలో కొరింథీయులకు రాస్తూ పౌలు, ప్రభువును చూసిన ఐదువందల మందికి పైగా సహోదరుల్లో చాలామంది ఇంకా బతికే ఉన్నారంటాడు. వెళ్లి అడుక్కోండి అన్నట్టే కదా.

ఇంత ఉండి పంటు మీద నేను చేసిందేమిటి? కత్తి దూశాను. పేతురూ దూశాడు, ప్రభువును పట్టుకోడానికి వచ్చిన మల్కు చెవి తెగింది. చెవి తెగినవాడికి సువార్త ఏం వినబడుతుంది? ప్రభువే ఆ చెవి బాగుచేయాల్సి వచ్చింది. అదే పేతురు పెద్దవాడయ్యాక "సాత్వికముతోను" అని రాశాడు. ఊరికే రాశాడా?

1836లో ఇంగ్లాండు నుంచి ఓడెక్కిన మిషనరీలు బౌడెన్, బీర్ నరసాపురంలో స్థిరపడ్డారు. నోరు విప్పాలంటే ముందు తెలుగు నేర్చుకోవాలి వాళ్లు. మనకి ఆ శ్రమ లేదు. ఎదుటివాడిది మన భాషే, అయినా వాడడిగింది పూర్తిగా వినం. తమ్ముళ్లూ, ముందు నాలుగు సువార్తలూ మీ కళ్లతో మీరు చదవండి. వీడియో తర్వాత. తెలియకపోతే తెలియదనండి.

క్రిస్మస్‌కి అరిసెలు పట్టుకెళ్లి, "ఆరోజు నాకు తెలీదు బావా, అరిచాను" అన్నాను. చదివిందంతా చెప్పాను. అరుగు మీద కూర్చుని మొత్తం విన్నాడు. నమ్మలేదు. అరిసె విరిచి సగం నా చేతిలో పెట్టి అడిగాడు.

"మరి మరియ భర్త యోసేపు తండ్రి మత్తయి రాసిన యాకోబా, లూకా రాసిన హేలీయా?"

"చూసి చెప్తా బావా."