నాగలూటి దాకా

"నాగలూటి దాకా రా నాయనా. ఆడ్నుంచి నువ్వు ఎనక్కి పో."

2003లో ఉగాదికి నాలుగు రోజుల ముందు, ఆత్మకూరు దగ్గర వెంకటాపురంలో, అడవి మొదలయ్యే చోట మా అమ్మ నన్ను అడిగింది ఈ ఒక్క మాటే. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. డి.ఫార్మసీ అయిపోయి ఏడాది దాటింది. మరుసటి రోజు పొద్దున పదింటికి హైదరాబాదులో ఒక మందుల కంపెనీలో మెడికల్ రెప్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. ఆ రాత్రికి కర్నూలులో బస్సెక్కితే చాలు.

నాన్న ఆపరేషన్ బాగా జరిగితే శ్రీశైలానికి అడవి దారిన నడిచొస్తానని అమ్మ మొక్కుకుంది. మా వీధిలోని ముగ్గురు ఆడవాళ్లు తోడు వస్తామన్నారు. వాళ్లు బస్సులో వచ్చారు. అమ్మకు బస్సు పడదు, కడుపులో తిప్పుతుంది. అందుకని నేను బండి మీద తెచ్చి దించాను. ఇంటర్వ్యూ రేపేనని చెబితే బండి ఎక్కదు కాబట్టి, వచ్చే వారం అని అబద్ధం చెప్పాను. బండి తిప్పబోతుంటే ఆ మాట అంది. గడియారం చూసుకున్నాను. తొమ్మిది కూడా కాలేదు. నాగలూటి దాకా పోయినా సాయంత్రానికి వెనక్కి రావొచ్చు. సరేనని, తెలిసినవాళ్ల ఇంటి ముందు బండి పెట్టి తాళంచెవి జేబులో వేసుకున్నాను.

నా కాళ్లకు కొత్త బూట్లు. ఇంటర్వ్యూ కోసం కొన్నవి. కొత్త తోలు కరుస్తుంది కదా, ఒక రోజు ముందే వేసుకుంటే కాస్త మెత్తబడతాయనుకున్నాను.

కర్నూలులో పుట్టినవాళ్లకు ఉగాది ముందు రోజులు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. రాయచూరు వైపు నుంచి, ఇంకా పైనుంచి, వేల మంది కన్నడ భక్తులు నడుచుకుంటూ వస్తారు. కొందరు భుజాన కంబి అనే కావడి మోస్తారు, కొందరు కర్రకాళ్ల మీద నడుస్తారు. ఎమ్మిగనూరు, కర్నూలు, నందికొట్కూరు, ఆత్మకూరు, అక్కడి నుంచి నల్లమల. భ్రమరాంబ వాళ్లింటి ఆడపడుచు. పండగకు పుట్టింటి సారె తీసుకుపోవాలి, అదీ వాళ్ల లెక్క. ఇటు అడవిలో చెంచులు మల్లన్న తమ అల్లుడంటారు. ఒకరికి కూతురు, ఒకరికి అల్లుడు. ఇంత చుట్టరికం ఉన్న దేవుళ్లు ఇంకెక్కడైనా ఉన్నారా అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. చిన్నప్పుడు మా వీధి చివర బిందెలతో మజ్జిగ పెట్టుకుని వాళ్లకు పోసేవాళ్లం. కానీ వాళ్లతో కలిసి నడవడం మాత్రం అదే మొదటిసారి.

మార్చి నెలాఖరు అడవి ఎండిపోయి ఉంది. చెట్లు ఆకు రాల్చేశాయి, అక్కడక్కడా మోదుగ పూలు మాత్రం ఎర్రగా మండుతున్నట్టున్నాయి. దారి పొడవునా రాళ్లే. నాగలూటి వీరభద్రస్వామి గుడి చేరేసరికి బూటు లోపల రెండు మడమలూ చుర్రుమంటున్నాయి. అమ్మ దండం పెట్టుకుని బయటికొచ్చింది. "ఇంక నువ్వు పో నాయనా, ఎండెక్కింది" అంది. సరేనమ్మా అని నేనూ లేచాను. నాలుగు అడుగులు వేసి వెనక్కి తిరిగి చూశాను. అమ్మ వంగి కాలి దగ్గర ఏదో చేసుకుంటోంది.

హవాయి చెప్పు వారు తెగింది. వేళ్ల మధ్య ఉండే గుండీ రంధ్రంలోంచి ఊడి వచ్చేసింది. నేను పోయి, గుండీని మళ్లీ రంధ్రంలోకి దోపి, అడుగున పిన్నీసు అడ్డంగా గుచ్చి పెట్టాను. అందరికీ తెలిసిన వైద్యమే అది. కానీ పిన్నీసు వేసిన చెప్పు ఎంతసేపు ఆగుతుంది? రాళ్ల మీద ఇంకో గంట నడిస్తే మళ్లీ ఊడుతుంది. అమ్మ మాటిమాటికీ వంగలేదు, నడుం నొప్పి మనిషి. "పెద్దచెరువు దాకా వస్తాలేమా" అన్నాను.

అలా అనడానికి అర నిమిషం కూడా పట్టలేదు. ఆ ఉద్యోగం కోసం నేను ఆరు నెలలు ఆలోచించాను, ముగ్గురిని సలహా అడిగాను, అప్పు చేసి బూట్లు కొన్నాను. పిన్నీసు గురించి ఆలోచించిందే లేదు.

పెద్దచెరువు చేరేసరికి పొద్దు వాలుతోంది. ఎలుగుబంట్లు, చిరుతలు తిరిగే అడవిలో ఆ వేళ ఒక్కడినే వెనక్కి పోయే ధైర్యం నాకు లేదు. ఇంటర్వ్యూ పోయిందని అప్పుడు అర్థమైంది. చెరువు గట్టున కూర్చుని బూట్లు విప్పాను. మేజోడు మడమకు అతుక్కుపోయి ఉంది. లాగితే కన్నీళ్లొచ్చాయి. నొప్పికో, ఉద్యోగానికో.

పక్కన రాయచూరు దగ్గర పల్లె నుంచి వచ్చిన గుంపు దిగింది. మూడు రాళ్లు పెట్టి పొయ్యి రాజేశారు. వాళ్ల దగ్గర మూటల నిండా ఎండు జొన్నరొట్టెలు. విరిస్తే పటుక్కుమంటాయి. వాటి మీద వేరుశనగ చట్నీ పొడి. నాకూ, అమ్మకూ పెట్టారు. వాళ్లలో ఒక ముసలాయన నా కాలు చూసి, అడక్కుండానే పట్టుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. "బొబ్బె" అన్నాడు. "బొబ్బ" అన్నాను నేను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆయన తలపాగా మడతలోంచి సూది తీసి, మంటలో కాల్చి, తెల్లటి నూలు దారం ఎక్కించాడు. "స్వల్ప తాళప్పా" అంటూ బొబ్బ ఈ చివర గుచ్చి ఆ చివర తీశాడు. దారం లోపలే వదిలి రెండు కొసలూ కత్తిరించాడు. నీరు దారం వెంబడి బొట్టుబొట్టుగా దిగింది. పైచర్మం చెక్కుచెదరలేదు. బొబ్బలో దారం వదిలితే చీము పట్టే ప్రమాదం ఉందని నేను చదువుకున్నాను. కానీ చర్మం చీల్చకూడదు, అదే పుండుకు మూత అని కూడా చదువుకున్నాను. ఆ రెండో మాట ఆయనకు ఏ పుస్తకమూ లేకుండానే తెలుసు. చదివింది నాకు చేతికి రావడం ఆ ఒళ్లో మొదలైంది.

తెల్లారి అమ్మ పాత చీర చింపి కాళ్లకు చుట్టుకుని నడిచాను. బూట్లు సంచిలో వేసుకున్నాను.

భీముని కొలను వైపు దిగే ముందు ఒక చెట్టు కింద జనం గుమిగూడి ఉన్నారు. యాభై దాటిన ఒక కన్నడ అమ్మ కూర్చుని ఉంది. కుంటుతోందని తోటివాళ్లు ఆపారు గానీ, ఆమె మాత్రం తనకేం నొప్పి లేదంటోంది. అరికాలు చూశాను. మడమ పగులులో చింతగింజంత రాయి దిగబడి ఉంది. చుట్టూ వాచి నల్లబడుతోంది. నొప్పి లేదా అంటే లేదంది. షుగర్ ఉందా అని అడిగాను. ఉంది, ఎనిమిదేళ్లుగా. షుగర్ ఎక్కువ కాలం ఉన్నవాళ్లలో చాలామందికి పాదాల్లో నరాలు మొద్దుబారతాయి. రాయి దిగినా తెలియదు, పుండు ముదిరినా తెలియదు. వాళ్లు వట్టి కాళ్లతో నడవనే కూడదు. కాచి చల్లార్చిన నీళ్లు ఎవరో ఇచ్చారు. కడిగి, రాయి తీసి, శుభ్రమైన గుడ్డ కట్టాను. పూయడానికి మందు లేదు. అంతమందిలో ఒక్కరి దగ్గర అయోడిన్ సీసా లేదు, గాజుగుడ్డ లేదు. శ్రీశైలం చేరగానే ఆసుపత్రికి పోవాలని ఆమె కొడుక్కి వచ్చీరాని కన్నడంలో రెండుసార్లు చెప్పాను. చెయ్యి కడుక్కుని గడియారం చూస్తే పదిన్నర. హైదరాబాదులో నా పేరు పిలిచి ఉంటారు.

అప్పుడు బాధ కలగలేదంటే నమ్ముతారో లేదో. ఆ పాదం మీదే ఉంది నా మనసంతా.

భీముని కొలను లోయలోకి దిగి, మళ్లీ కైలాసద్వారం దాకా రాతిమెట్లెక్కాలి. శ్రీశైలానికి మెట్లు కట్టించినవాడిగా రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డికి పేరు. అంటే దాదాపు ఏడు వందల ఏళ్ల కిందటి మాట. ఇక్కడ ఒక్కో మెట్టూ మోకాలెత్తు. పది మెట్లకోసారి అమ్మ కూర్చునేది. అలా ఒకచోట కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుంటూ, "నీ ఇంటర్వ్యూ యానాడురా?" అంది. "ఇంకా టైముందిలేమా" అన్నాను. మల్లన్న గడప ముందు ఆడిన అబద్ధం అది. ఆమెకు టెన్షన్ పెట్టడం ఇష్టం లేక ఆడాను.

శ్రీశైలంలో స్నానం కూడా చేయకుండా, దుమ్ము కాళ్లతోనే దర్శనానికి పోయాం. ధూళిదర్శనం అంటారు. దూరం నడిచొచ్చినవాళ్ల దుమ్ము స్వామికి మైల కాదు. అమ్మ చాలాసేపు ఏడ్చింది. మొక్కు తీరింది.

తిరుగు ప్రయాణంలో అమ్మకు బస్సు తప్పలేదు. దోర్నాల మీదుగా ఆత్మకూరు. బండి వెంకటాపురంలో ఉంది కాబట్టి నేను ఆత్మకూరులో దిగాల్సి వచ్చింది. లేకపోతే నేరుగా కర్నూలు పోయేవాడినే. ఆటో కోసం నిలబడ్డాను. ఎదురుగా మూసిన షట్టరు, దాని మీద సున్నంతో రాసిన అక్షరాలు: అద్దెకు ఇవ్వబడును. బస్టాండు చుట్టూ చూశాను. అడవిలోకి పోయే వేలమంది ఈ ఊరు దాటే పోతారు. ఆ అమ్మ మడమ గుర్తొచ్చింది. ఆటో వచ్చింది. ఎక్కలేదు. పక్క టీ కొట్టులో షట్టరు ఎవరిదని అడిగాను.

మూడు నెలలకు లైసెన్సు వచ్చింది. షాపు తెరిచిన రోజు అమ్మకు నిజం చెప్పాను, ఇంటర్వ్యూ ఆ రోజే ఉండిందని. చాలాసేపు నా మొహం చూసింది. ఏమీ అనలేదు. గల్లాపెట్టె మీద పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టింది.

ఆ గల్లాపెట్టె ఇప్పటికీ అదే. పెళ్లి ఆత్మకూరులోనే అయింది, కొడుకు అక్కడే పుట్టాడు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర కర్నూలును ముంచినప్పుడు పాతబస్తీలోని మా ఇల్లు కూడా మునిగింది. అమ్మానాన్నలు కట్టుబట్టలతో వచ్చి నా షాపు వెనక గదిలో ఉన్నారు. వాళ్లకు తలదాచుకోవడానికి ఒక గది ఉండటం కూడా ఆ పిన్నీసు చలవే అని నాకు అనిపిస్తుంది. అమ్మ 2014లో పోయింది. 2022 ఏప్రిల్లో ఆత్మకూరు నంద్యాల జిల్లాలోకి పోయింది గానీ, ఎవరైనా మీదేవూరు అంటే నా నోట కర్నూలే వస్తుంది.

ఏటా ఉగాదికి ముందు నాలుగు రోజులు షాపు మూసి, వెంకటాపురం దగ్గర పందిరి కింద కూర్చుంటాను. కడగడం, మందు పూయడం, కట్టు కట్టడం. ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు అయిపోతే లీటరు కాచిన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, అందుకే కొలత చెంచా నా చేతిలోనే ఉంచుకుంటాను. షుగర్ ఉన్నవాళ్లను అడిగి అడిగి తెలుసుకుని చెప్పులు తొడిగిస్తాను. ఒప్పుకోరు, మొక్కు అంటారు. వాదిస్తాను. మల్లన్న కాళ్లు అడిగాడు గానీ పుండ్లు అడగలేదని కన్నడంలో చెప్పడం నేర్చుకున్నాను.

ఇన్నేళ్లూ పందిరి దాటి అడవిలోకి పోలేదు. 2025 ఉగాదికి, ఇరవై రెండేళ్ల తర్వాత, మళ్లీ నడవాలనిపించింది. మావాడికి ఇంటర్ పరీక్షలు అయిపోయాయి. "నేనూ వస్తా నాన్నా, నాగలూటి దాకా" అన్నాడు. ఆ మాట వినగానే ఒళ్లు జలదరించింది. కావాలని అన్నాడో, మామూలుగా అన్నాడో అడగలేదు.

నాగలూటిలో వీరభద్రుడికి దండం పెట్టుకున్నాం. వాడు నీళ్లు తాగి, ఎంట్రన్స్ కోచింగ్ ఉంది కదా, పోతానన్నాడు. పెద్దచెరువు దాకా రారా అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. అమ్మ నన్ను నాగలూటి దాకే రమ్మంది, ఆ పైన ఒక్క అడుగు కూడా అడగలేదు. పందిరి వైపు తిరిగి పోతున్న కుర్రాళ్లతో కలిసి వాడు వెళ్లిపోయాడు. మలుపు దాకా చూస్తూ నిలబడ్డాను. వాడు వెనక్కి తిరగలేదు.

మరుసటి రోజు సాయంత్రం శ్రీశైలంలో ఫోనుకు సిగ్నల్ వచ్చింది. చేశాను.

"మొత్తం నడిచేశావా నాన్నా?"

"నడిచేశాను."

"చెప్పులు తెగలేదా?"

"లేదురా."

"నీ సంచి పక్క జేబులో పిన్నీసులు పెట్టాను. చూసుకోలేదా?"

జేబులో వేలు పెట్టాను. రెండున్నాయి.