రిగ్గు రాకముందే టేపు పట్టండి

విశాఖ జిల్లా ఆనందపురం, పద్మనాభం వైపు ఎండలు ముదిరితే కొత్త బోర్ల మాటే. వేసే ముందు ఒక కొలత తప్పనిసరి. 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం) ప్రకారం ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా బోరు వేయకూడదు. బోరు తవ్వే యంత్రం రిగ్గుకీ రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ కాగితం అడిగి చూడండి. చట్టం మంచిదే, కొలిచేవాళ్లే తక్కువ. అదే నా బాధ.

మన ఖొండలైటు రాతి నేలలో నీళ్లు పైన మెత్తబడిన పొరలోనూ, కింద పగుళ్లలోనూ ఉంటాయి. పక్కపక్కనే రెండు బోర్లు పడితే ఒకే పగులును ఇద్దరూ లాగుతారు, రెండూ ఎండుతాయి. భీమిలి తీరాన అతిగా తోడితే ఉప్పునీరు లోపలికొస్తుంది. వచ్చాక వెనక్కి పంపడం మహా కష్టం.

ఇంకుడు గుంత తవ్వితే ముందు ఒండ్రు ఆగే చిన్న గుంట ఉండాలి. లేదంటే బురద చేరి ఇసుక పొర పూడుకుపోతుంది. ఏటా తొలకరికి ముందే పై ఇసుక తీసి కడిగి వేయాలి.