మాత్రల స్ట్రిప్ వెనక ఒక పేరు

అమ్మకు మాత్ర ఇద్దామని స్ట్రిప్ తిప్పితే, వెనక చిన్న అక్షరాల్లో కంపెనీ పేరు: గ్లాక్సో స్మిత్‌క్లైన్. చేయి అక్కడే ఆగిపోయింది.

పొద్దున్నే యాన్ లెష్లీ గురించి చదివాను. డెన్మార్క్ టెన్నిస్ ఆటగాడు. 1967లో ఫారెస్ట్ హిల్స్‌లో అమెరికా ఛాంపియన్‌షిప్ సెమీఫైనల్ దాకా వెళ్లి క్లార్క్ గ్రేబ్నర్ చేతిలో ఓడిపోయారు. చదివింది ఫార్మసీ. 1994లో స్మిత్‌క్లైన్ బీచమ్ అనే మందుల కంపెనీకి అధిపతి అయ్యారు. 2000లో అది గ్లాక్సో వెల్‌కమ్‌తో కలిసింది. నా చేతిలోని స్ట్రిప్ మీద ఉన్నది అలా కలిసిన కంపెనీ పేరే.

నన్ను కదిలించింది ఆ పదవి కాదు. ఆట కూడు పెట్టని అమెచ్యూర్ రోజులవి. రాకెట్ పట్టిన చేత్తోనే మందుల పుస్తకాలు తిరగేయడం మాటలా! ఆ ఓపిక ఎక్కడి నుంచి వచ్చిందో అడగాలనిపిస్తుంది.

“మాత్ర ఇస్తావా, లేదా?” అంది అమ్మ, నీళ్ల గ్లాసు పట్టుకుని.