అద్దాలకి ఫిల్మ్ వేయించాలా వద్దా: నా చలానా కథ

ఫిబ్రవరిలో సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. కొనేటప్పుడు ఇంజిన్ చూశాం, టైర్లు చూశాం, ఇన్సూరెన్స్ కాగితాలు చూశాం, అద్దాల సంగతి మాత్రం ఎవరం పట్టించుకోలేదు. పాత ఓనర్ నల్ల ఫిల్మ్ వేయించి ఉంచాడు, అది చూసి "ఎండకి బాగుంటుందిలే" అని నేనే సంబరపడ్డాను కూడా. బెజవాడ ఎండలు తెలిసినవాడెవడైనా అలాగే అనుకుంటాడు.

ఏప్రిల్‌లో ఒక రాత్రి హైవే మీద ఆపారు. అద్దం దించమన్నారు, దించాను. కానిస్టేబుల్ వెనక డోర్ దగ్గరికెళ్ళి టార్చి వేసి, గోరుతో మూల దగ్గర గీకి చూసి "ఫిల్మ్ ఉంది సార్" అని ఎస్సైకి చెప్పాడు. నేను కొన్నప్పటి నుంచీ ఇలాగే ఉందన్నాను. "ఎవరు వేయించారని కాదండీ, ఎవరు తిప్పుతున్నారు అన్నది మాకు కావాలి" అన్నారాయన. దానికి నా దగ్గర సమాధానం లేదు. చలానా రాశారు, డోర్ల ఫిల్మ్ అక్కడికక్కడే పీకించారు, పక్క సీట్లో అమ్మ "ఏం చేశావురా" అని కంగారు. ఏమీ చేయలేదమ్మా, కొన్నాను అంతే.

తర్వాత ఆటోనగర్‌లో ఒక షాపుకి వెళ్ళాను, మిగిలిన ఫిల్మ్ తీయించి, కుదిరితే "లీగల్" ఫిల్మ్ వేయిద్దామని. అక్కడి కుర్రాడు "అన్నా, 70 పర్సెంట్ వేస్తా, ఎవరూ ఆపరు, కోర్టు కూడా ఒప్పేసుకుంది" అన్నాడు. ఆ మాటలో సగం నిజం ఉంది, అందుకే ప్రమాదం. ఇంటికొచ్చి రెండు రోజులు ఇదే చదివాను.

అసలు రూలు ఇదీ. సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్, 1989లో 100వ రూలు ప్రకారం ముందు అద్దం, వెనక అద్దం కనీసం 70 శాతం వెలుతురుని లోపలికి రానివ్వాలి, పక్క అద్దాలు కనీసం 50 శాతం. ఈ శాతాన్నే వీఎల్‌టీ అంటారు. నెంబరు పెరిగేకొద్దీ అద్దం తేటగా ఉంటుంది, తగ్గేకొద్దీ నలుపు. నేను మొదట తిరగేసి అర్థం చేసుకున్నాను, 70 అంటే బాగా నలుపేమో అని!

2012 వరకూ చాలామంది ఈ అంకెలు చూపించే ఫిల్మ్ వేసుకునేవాళ్ళు. అవిషేక్ గోయెంకా అనే ఆయన వేసిన పిల్ (ప్రజాప్రయోజన వ్యాజ్యం) మీద 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు ఆ దారి మూసేసింది. అద్దం తయారయ్యేటప్పుడే ఆ శాతాలతో రావాలి, తర్వాత దాని మీద ఎన్ని శాతం ఫిల్మ్ అయినా, ఇంకే పదార్థమైనా అంటించకూడదు అంది. ఆ మే 4 నుంచి అమలు. నల్లద్దాల కార్లలో జరిగే నేరాలే దానికి కారణం. జెడ్, జెడ్ ప్లస్ భద్రత ఉన్నవాళ్ళకి మాత్రం మినహాయింపు. మనకి ఆ భద్రత లేదు, ఆ బెడదా లేదు.

మరి కుర్రాడు చెప్పిన కోర్టు ఏది? కేరళ హైకోర్టు, 2024 సెప్టెంబర్. 100వ రూలుని 2020లో సవరించారు, 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో సేఫ్టీ గ్లాసుతో పాటు "సేఫ్టీ గ్లేజింగ్" అనే మాట చేర్చారు, అంటే లోపలి వైపు ప్లాస్టిక్ పొర ఉన్న అద్దం కూడా అందులోకి వస్తుంది. కాబట్టి 70, 50 శాతాలు తగ్గకుండా ఉన్న ఫిల్మ్‌కి జరిమానా వేయకూడదని ఆ హైకోర్టు చెప్పింది. వాదన నాకు సబబుగానే తోచింది. కానీ అది కేరళ హైకోర్టు, రాత్రి పదింటికి రోడ్డు మీద మనల్ని ఆపిన ఎస్సై గారికి గుర్తుండేది 2012 తీర్పు. ఆయనకి రోడ్డు పక్కన నిలబడి సేఫ్టీ గ్లేజింగ్ గురించి వివరించే ఓపిక నాకైతే లేదు.

సరే, కేరళ లెక్కే పట్టుకుందాం అనుకున్నా ఇంకో మెలిక ఉంది, షాపుల్లో ఎవరూ చెప్పనిది ఇదే. వాళ్ళు చెప్పే శాతం ఫిల్మ్‌ది, రూలు అడిగేది అద్దమూ ఫిల్మూ కలిపి. కంపెనీ అద్దమే కొంత వెలుతురు ఆపేస్తుంది. షాపులో వెలుతురు కొలిచే మీటరు ఉంటే నా డోర్ అద్దానికి ఉత్తగా పెట్టించాను, 76 చూపించింది. దాని మీద 70 శాతం ఫిల్మ్ వేస్తే 76లో 70 శాతం, అంటే 53. పాసే, కానీ అంచు మీద. "50 అయితే బాగా చల్లగా ఉంటది అన్నా" అన్న ఫిల్మ్ వేస్తే 38, నిండా ఫెయిలు. ముందు అద్దం 78 చూపించింది. దానికి దాదాపు తేటగా ఉండే 88 శాతం ఫిల్మ్ వేసినా 69 దాటదు, 70 కావాలి. అంటే నా కారు ముందు అద్దానికి దాదాపు ఏ ఫిల్మూ కుదరదన్నమాట. ఇది చెప్తే కుర్రాడు నవ్వి "అంత లెక్కలెవరు చూస్తారన్నా" అన్నాడు.

నలుపుంటే చల్లదనం అనేది కూడా మనం పెట్టుకున్న భ్రమే. ఎండలోని వేడిలో సుమారు సగం కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్‌లో ఉంటుంది, చవక రంగు ఫిల్మ్ కంటికి కనిపించే వెలుతురుని ఆపుతుంది గానీ దాన్ని పెద్దగా ఆపదు, పైగా వేడిని తనే పీల్చుకుని అద్దాన్ని కాలబెడుతుంది, రెండేళ్ళకి ఊదా రంగుకి తిరుగుతుంది. సిరామిక్ ఫిల్మ్ తేటగా ఉండి కూడా ఇన్‌ఫ్రారెడ్‌ని బాగా ఆపుతుంది, రేటూ అలాగే ఉంటుంది. లోహం పూత ఉన్నవి ముందు అద్దానికి వేస్తే ఫాస్టాగ్ చదవడానికే ఇబ్బంది.

జరిమానా కేంద్ర చట్టంలో సెక్షన్ 177 కింద మొదటిసారి 500, మళ్ళీ దొరికితే 1,500, రాష్ట్రాన్ని బట్టి తేడాలుంటాయి. డబ్బు కన్నా నాకు బాధేసింది పీకుడు. మీరే తీసుకుంటే హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి మెల్లగా లాగండి, జిగురుకి సబ్బు నీళ్ళు. వెనక అద్దానికి మాత్రం బ్లేడు పెట్టకండి, డీఫాగర్ గీతలు (అద్దం మీది ఆవిరి పోగొట్టే సన్నని వేడి గీతలు) ఊడొస్తాయి. నావి రెండు ఊడాయి.

చివరికి ఏ ఫిల్మూ వేయించలేదు. పార్కింగ్‌లో ముందు అద్దానికి మెరిసే అట్ట పెడుతున్నాను, ఎక్కగానే నాలుగద్దాలూ దించి ఒక్క నిమిషం నడిపి ఆ తర్వాతే ఏసీ. రాత్రి రివర్స్ చేసేటప్పుడు వెనక ఎవరున్నారో ఇప్పుడు కనిపిస్తున్నారు, ఇన్నాళ్ళూ హారన్ కొట్టి దేవుడి మీద భారం వేశాను.

అమ్మకి మాత్రం ఇదేమీ నచ్చలేదు. మొన్న గుంటూరు వెళ్తుంటే మంగళగిరి దాటకముందే తువ్వాలు తీసి తన వైపు అద్దం పైన ఇరికించింది. "ఇంకే పదార్థమైనా" అన్న కోర్టు మాట గుర్తొచ్చి, తీసేయమ్మా అన్నాను. "తువ్వాలుకి కూడా చలానా రాస్తారా?" అంది. అది తీయలేదు, ఎవరూ ఆపలేదు కూడా.