హాకెన్ అని పేరుంటే హాకెన్ అయిపోదు

పాతకాలపు తుపాకుల నకళ్లు అసలువాటికి ఎంత దగ్గరో చూద్దాం. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జేకబ్, శామ్యూల్ హాకెన్ అన్నదమ్ములు చేసిన ప్లెయిన్స్ రైఫిల్‌కు (పశ్చిమ మైదానాల వేటగాళ్లు వాడిన, నోటినుంచి మందు నింపే తుపాకీ) ఇనుప ఫిట్టింగులు, బరువైన ఎనిమిది పలకల బారెల్, స్టాక్‌ను (చెక్క భాగాన్ని) బారెల్‌కు బిగించే రెండు అడ్డచీలలు ఉండేవి. 1970లో థాంప్సన్/సెంటర్ అనే అమెరికన్ కంపెనీ అదే పేరుతో తెచ్చిన నకలుకు 28 అంగుళాల బారెల్, మెరిసే ఇత్తడి, స్క్రూలతో సర్దుకునే వెనక సైటు. లాక్ (తుపాకీ పేల్చే యంత్రాంగం) విప్పితే, సుత్తిని నడిపే చదును మెయిన్‌స్ప్రింగ్ ఉండాల్సిన చోట కాయిల్ స్ప్రింగ్. వేటకు భేషైన తుపాకీయే, కానీ 1840ల నాటిది మాత్రం కాదు.

చూపుకు లైమన్ కంపెనీ నకలు గ్రేట్ ప్లెయిన్స్ రైఫిల్ అసలుకు చాలా దగ్గర: 32 అంగుళాల బారెల్, నల్లటి ఉక్కు ఫిట్టింగులు, రెండు చీలలు. తమాషా ఏమిటంటే, రైఫ్లింగ్ (గుండు తిరిగేలా బారెల్ లోపల కోసే మెలి గాడులు) దగ్గరికొస్తే లెక్క తిరగబడుతుంది. హాకెన్లు 48 అంగుళాలకు ఒక చుట్టు కోసేవారు. థాంప్సన్‌దీ 48, లైమన్‌ది 60. అలాగని థాంప్సన్ గెలిచినట్టు కాదు. దాని గాడులకు లోతు తక్కువ. గుడ్డ చుట్టిన గుండ్రటి గుండుకు లోతైన గాడి ఉంటేనే పట్టు దొరుకుతుంది. లేకపోతే తుపాకీ మందు ఎక్కువ పోసినప్పుడు గుండు గాడి తప్పి జారుతుంది.

బ్రిటిష్ సైన్యపు 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌కు 39 అంగుళాల బారెల్, మూడు గాడులు, 78 అంగుళాలకు ఒక చుట్టు. గాడి లోతు బ్రీచ్ (బారెల్ వెనక కొస) దగ్గర ఎక్కువ, నోటి దగ్గర తక్కువ. దీని నకళ్లు చేసిన బ్రిటిష్ కంపెనీ పార్కర్-హేల్ ఈ పద్ధతిని పాటించింది. ఇటాలియన్ నకళ్లలో చాలావాటికి లోతు ఆసాంతం ఒకటే. దీన్ని ఇంట్లో ఎవరూ సరిచేయలేరు కాబట్టి కొనేముందే చూసుకోవాలి.

సరిచేయగలిగినవి చెక్క, రంగు. నకళ్ల స్టాక్ లాక్ చుట్టూ, మణికట్టు (చెయ్యి పట్టే సన్నటి భాగం) దగ్గర మొద్దుగా ఉంటుంది. ఆకురాయితో కొంచెం కొంచెంగా దింపండి. తీసిన చెక్క తిరిగి రాదు. ప్లాస్టిక్‌లా మెరిసే వార్నిష్ గీకేసి అవిసె నూనె పట్టించండి.

వేడి లవణాల తొట్టిలో ముంచి తెచ్చే నలుపు 20వ శతాబ్దపు పద్ధతి. హాకెన్ కాలపు బారెల్‌కు తుప్పుతో తెచ్చిన గోధుమరంగు నప్పుతుంది. నలుపు తీసేసి, జిడ్డు పూర్తిగా పోగొట్టి, బోరుకూ (బారెల్ లోపలి రంధ్రానికీ) నిపుల్ (మందు అంటించే క్యాప్ కూర్చునే మొన) రంధ్రానికీ బిరడాలు బిగించండి. బ్రౌనింగ్ ద్రావణాన్ని (తుప్పు పట్టించి గోధుమరంగు తెచ్చేదాన్ని) దాదాపు పిండేసిన గుడ్డతో ఒక్క వరసగా పూయాలి. పూసినచోటే మళ్లీ రుద్దితే రాగి చారలు పడతాయి. తేమలో ఉంచి, సన్నటి తుప్పు పట్టాక గోనెగుడ్డతో రుద్దండి. ఐదారుసార్లు ఇలా చేశాక వంటసోడా నీళ్లతో కడిగి నూనె రాయాలి. సోడా కడుగుడు మానేస్తే నూనె కిందే తుప్పు తినేస్తూ పోతుంది.

బారెల్ మీది ఆధునిక అక్షరాలు కంటికి ముల్లే. కంపెనీ పేరు సంగతి ఎలా ఉన్నా, ప్రూఫ్ ముద్రల (బారెల్‌ను పరీక్షించినట్టు కొట్టే గుర్తుల) మీద, సీరియల్ నంబరు మీద మాత్రం ఆకురాయి పెట్టకండి. చాలా దేశాల్లో అది నేరం.