పదకొండో పోర్టు దొరకడానికి నాలుగు రోజులు పట్టింది

నిన్న మధ్యాహ్నం ఇంటికొచ్చి ఇంత తిని పడుకుంటే సాయంత్రం దాకా మెలకువ రాలేదు. మర్చిపోకముందే రాసి పెడుతున్నా. నెట్‌వర్క్ పనిలో కొత్తగా చేరిన తమ్ముళ్లకు పనికొస్తుంది.

గుంటూరు దగ్గర ఓ ఇంజినీరింగ్ కాలేజీ. అక్కడి మెయింటెనెన్స్ మా ఆఫీసు చేతికొచ్చి రెండు నెలలైంది. సోమవారం ఫోన్ చేశారు: నెట్ వస్తూ పోతూ ఉంది, పరీక్ష ఫీజులు కట్టించుకోలేకపోతున్నాం అని. వెళ్లి, కాలేజీ కంప్యూటర్లన్నిటినీ కలిపే మెయిన్ నెట్‌వర్క్ స్విచ్‌ను ఒకసారి ఆపి మళ్లీ వేశా. కాసేపు బాగుండి మళ్లీ మొదలైంది. ఐదున్నర దాటాక దానంతటదే సర్దుకుంది. రాత్రి ఎనిమిది దాకా పింగ్ (అవతలి నుంచి జవాబు వస్తోందో లేదో చూసే పరీక్ష) పెట్టి కూర్చున్నా, ఒక్కసారి కూడా జవాబు తప్పలేదు. పగలు లోడ్ ఎక్కువై పాత స్విచ్ తట్టుకోలేకపోతోందని రిపోర్టు రాశా.

మంగళవారం కొత్త స్విచ్ వచ్చింది. పాతదాని కాన్ఫిగరేషన్ (సెట్టింగులన్నీ) యథాతథంగా ఎక్కించి సాయంత్రం బిగించా.

బుధవారం పదిన్నరకల్లా మళ్లీ అదే పరిస్థితి. ఫీజు కౌంటర్ దగ్గర పిల్లల లైను మెట్ల దాకా వచ్చింది. ఒకమ్మాయి నా చేతిలో ల్యాప్‌టాప్ చూసి, "అన్నా, మాకు ఇవాళే లాస్ట్ డేట్. ఎప్పటికొస్తుంది?" అనడిగింది. ఏం చెప్పాలో తెలియలేదు. ఇంతలో కాలేజీ ఏవో (అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్) గారు గదిలోకి పిలిపించారు. ఎదురుగా ఎవరో విద్యార్థి తండ్రి కూర్చుని ఉన్నాడు. నన్ను కూర్చోమనలేదు. "కొత్త స్విచ్ కొనిపించావు. మళ్లీ అదే కథ. ఆపి వేయడమేగా నువ్వు చేసేది? ఆ మాత్రం మా అటెండర్ చేస్తాడు. మీ ఆఫీసులో పని తెలిసినవాళ్లుంటే పంపమను" అన్నారు. ఆ పెద్దమనిషి నా మొహంలోకి చూసి తల దించుకున్నాడు. ఆయన అలా చూడకుండా ఉంటే బాగుండేదనిపించింది. తొమ్మిదేళ్లుగా ఈ పని చేస్తున్నా. నేను గీసిన కేబులింగ్ ప్లాన్లతో మూడు ఆసుపత్రులు నడుస్తున్నాయి. అయినా ఆ గదిలో నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి ఒక్క మాటే తొలిచేసింది: ఆపి వేయడమేగా నువ్వు చేసేది. నిజమే. ఆపి వేసిన ప్రతిసారీ నేనేం చేస్తున్నానో అప్పుడు తట్టింది. ఏ మిషన్ ఏ పోర్టులో (కేబుల్ గుచ్చే చోటులో) ఉందో స్విచ్ రాసుకునే మ్యాక్ టేబుల్ ఉండేది మెమరీలో. జరిగినవన్నీ రాసుకునే లాగ్ కూడా అంతే. కరెంటు తీయగానే రెండూ తుడిచిపెట్టుకుపోతాయి. సాక్ష్యాన్ని రోజుకు నాలుగుసార్లు నా చేత్తోనే చెరిపేస్తున్నా.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. ప్రతి నెట్‌వర్క్ కార్డుకూ 48 బిట్ల మ్యాక్ అడ్రస్ ఉంటుంది. ఫ్రేమ్ (డేటా మూట) లోపలికి రాగానే స్విచ్ ముందు అది ఎవరు పంపారో చూస్తుంది. ఆ అడ్రస్‌ను, అది వచ్చిన పోర్టును, వీల్యాన్‌ను (ఒకే నెట్‌వర్క్‌లో విడగొట్టిన గుంపును) కలిపి టేబుల్‌లో రాసుకుంటుంది. ఆ తర్వాతే ఎవరికి వెళ్లాలో చూస్తుంది. ఆ అడ్రస్ టేబుల్‌లో ఉంటే ఆ ఒక్క పోర్టుకే పంపుతుంది. లేకపోతే వచ్చిన పోర్టు తప్ప ఆ వీల్యాన్‌లోని పోర్టులన్నిటికీ పంపుతుంది. మామూలుగా 300 సెకన్ల పాటు ఒక అడ్రస్ నుంచి ఏమీ రాకపోతే దాన్ని టేబుల్‌లోంచి కొట్టేస్తుంది. మాట వినిపించినప్పుడల్లా ఆ లెక్క మళ్లీ మొదటికొస్తుంది. హాస్టల్ వాచ్‌మన్ ఎవరు ఏ గదిలోంచి వచ్చారో చూసి గుర్తుపెట్టుకున్నట్టే. ఆ మనిషి వేరే గదిలోంచి రావడం చూస్తే, ఇప్పుడు ఆ గదేననుకుంటాడు. స్విచ్ కూడా చివరగా ఏ పోర్టులో విందో దాన్నే నమ్ముతుంది.

గురువారం తొమ్మిదిన్నరకే ర్యాక్ దగ్గరికెళ్లి, స్విచ్‌కు నేరుగా కమాండ్లు ఇచ్చే కన్సోల్ కేబుల్ పెట్టా. స్విచ్ మీద ఎవరూ చెయ్యి వేయొద్దని అటెండర్ బాబాయికి గట్టిగా చెప్పా. షో మ్యాక్ అడ్రస్-టేబుల్ కొట్టి, బయటికెళ్లే దారి అయిన ఫైర్‌వాల్ అడ్రస్ వెతికా. 24వ పోర్టు. అది ఉండాల్సిన చోటే. నిమిషానికోసారి అదే కమాండ్ కొడుతూ నిలబడ్డా. 10.04కు 11వ పోర్టు లేచిందని (పనిలోకి వచ్చిందని) లాగ్‌లో ఒక వరుస పడింది. మళ్లీ టేబుల్ చూశా. ఫైర్‌వాల్ అడ్రస్ ఎదురుగా 11 అని ఉంది. ఇంకోసారి కొట్టా, 24. ఇంకోసారి, 11. ఆ అడ్రస్ రెండు పోర్టుల మధ్య అటూ ఇటూ మారుతోందని స్విచ్చే లాగ్‌లో వరుసగా రాస్తోంది. ఒంట్లో వణుకు పుట్టింది.

ఫైర్‌వాల్ లేచి నడిచి వెళ్లదు కదా. అది పంపిన బ్రాడ్‌కాస్ట్ (అందరికీ వెళ్లే ఫ్రేమ్) ఎక్కడో చుట్టు తిరిగి 11లోంచి వెనక్కి వస్తోంది. స్విచ్ దాన్ని నమ్మి, కాలేజీ మొత్తం ఫైర్‌వాల్‌కు పంపేదంతా అటే తోసేస్తోంది. ఫైర్‌వాల్ మళ్లీ మాట్లాడే దాకా అంతే. వస్తూ పోతూ ఉండడమంటే ఇదే.

కమాండ్‌తో 11ను మూసేశా. ఆ క్షణం నుంచే పింగ్‌కు జవాబులు తప్పకుండా వచ్చాయి. కానీ 11 ఏ గదికి వెళ్తుంది? కేబుల్ మీద లేబుల్ లేదు, మ్యాప్ లేదు. మాకు ముందు చేసినవాళ్లు ఒక్క కాగితం కూడా ఇచ్చి వెళ్లలేదు. డబ్బులు తీసుకుని లేబుల్ వేయకుండా పోవడం దొంగతనం కిందే లెక్క. ఆలోచిస్తే దారి దొరికింది. పదింటికి తెరిచి ఐదున్నరకు కరెంటు మెయిన్ ఆపి తాళం వేసే గది ఏది? ల్యాబులు తొమ్మిదికే తెరుస్తారు. మిగిలింది అకౌంట్స్ సెక్షన్. అక్కడి మేడమ్ సోమవారమే చెప్పారు, "బాబూ, మిగతావాళ్లకు అప్పుడప్పుడన్నా వస్తోంది, మాకైతే అసలే రావట్లేదు" అని. అందరిలాగే విసుగుతో అంటున్నారనుకుని వినలేదు. ఆవిడ మాట ఆ రోజే పట్టించుకుని ఉంటే అంతటితో అయిపోయేది.

బల్ల కింద ఐదు పోర్టుల చిన్న స్విచ్ ఉంది. అందులో పసుపు రంగు పొట్టి కేబుల్, రెండు కొసలూ ఆ డబ్బాలోనే. అటెండర్ బాబాయి పక్కనే ఉన్నాడు. "ఒక కొస ఊరికే వేలాడుతూ కాళ్లకు తగులుతుంటే శనివారం ఊడుస్తూ నేనే పెట్టా బాబూ" అన్నాడు. ఆయన తప్పేముంది? గది శుభ్రంగా ఉంచాడు, అంతే.

తప్పు కాన్ఫిగరేషన్‌ది. ఇలాంటి చుట్లను అడ్డుకోవడానికి రేడియా పెర్ల్‌మన్ 1985లోనే స్పానింగ్ ట్రీ కనిపెట్టింది. చుట్లను పసిగట్టడానికి అది పంపే సందేశాలే బీపీడీయూలు. ముందువాళ్లు యాక్సెస్ పోర్టులన్నిటి మీదా (గదులకు వెళ్లే పోర్టుల మీద) వాటిని ఆపేసే బీపీడీయూ ఫిల్టర్ పెట్టి దాన్ని గుడ్డిదాన్ని చేశారు. పోర్టు పంపింది దానికే తిరిగొస్తే పట్టుకునే కీప్‌అలైవ్ కూడా తీసేశారు. బ్రాడ్‌కాస్ట్‌ల వరద హద్దు దాటకుండా ఆపే స్టార్మ్ కంట్రోల్ మాత్రం ఉంచారు, అందుకే నెట్ పూర్తిగా చావకుండా కొట్టుకుంది. ఆ జబ్బునే నేను మంగళవారం కొత్త స్విచ్‌లోకి కాపీ చేశా. పాత కాన్ఫిగరేషన్ ఎక్కించేముందు ప్రతి వరుసా చదవండి. అర్థం కాని వరుస ఒక్కటున్నా ఎక్కించొద్దు.

ఫిల్టర్ తీసేసి, బీపీడీయూ లోపలికి రాగానే పోర్టు మూసేసే బీపీడీయూ గార్డ్ పెట్టా, కీప్‌అలైవ్ తిరిగి వేశా. కేబుల్ మళ్లీ కావాలని అలాగే గుచ్చి చూశా. పోర్టు వెంటనే మూసుకుంది. కొన్ని చౌక డబ్బాలు బీపీడీయూలను మింగేస్తాయి, కాబట్టి స్టార్మ్ కంట్రోల్‌ను కదిలించలేదు.

పన్నెండున్నరకు సంతకానికి వెళ్తే, ఏవో గారు రిపోర్టులో "కొత్త స్విచ్ బిగించాక సమస్య తీరింది" అని రాసుకుని ఉన్నారు. అది కొట్టేయమన్నా. పాత స్విచ్‌లో ఏ లోపమూ లేదని, సోమవారం నేను రాసింది తప్పని నేనే రాసిచ్చా. ఆయన రెండుసార్లు చదివి, కుర్చీ చూపించి, సంతకం పెట్టారు.